విశాఖకు దిక్కేది?

2009 సాధారణ ఎన్నికలకు కొలది దినములు ముందు, సీతమ్మధారకు దిగువనున్న మా వీధి మొగలో, టీ దుకాణపు బల్లమీద కూర్చుండిన ఒక వృద్ధుడు తన చేతిలోని వోటరు చీటీని వెలుతురునకెత్తి పట్టి, ఇటునటు త్రిప్పి చూచి, “మనమిప్పుడు తూర్పులో ఉన్నామా, ఉత్తరంలో ఉన్నామా బాబూ?” అని నన్నడిగెను. రేవులో ముప్పది యేండ్లకు పైగా పని చేసి విశ్రాంతి గొన్న ఆ పెద్దమనిషికి ఊరిలో తెలియని సందు లేదు. ఏ మెట్ట యెక్కినచో ఏ ఓడ కనబడునో, ఏ గెడ్డ ఏ వానకు పొంగునో చెప్పగలవాడు. అట్టివానికి తానే దిక్కున నున్నాడో తెలియకపోవుట వింత. నాలుగు పత్రికలు చదువుచు నాలుగు మాటలు వ్రాయుచున్న నాకును తెలియకపోవుట అంతకంటె వింత. ఆ యెన్నికల వఱకు మా పేటలకు విశాఖపట్నము–1, విశాఖపట్నము–2 అను అంకెలే పేర్లు. అంకెల స్థానమున తూర్పు, దక్షిణము, ఉత్తరము, పశ్చిమము అని నాలుగు దిక్కులు వచ్చి పడెను. అంకెకు అర్థము లేదు గనుక దానిని గూర్చి ఎవరును అడుగలేదు. దిక్కునకు అర్థమున్నది గనుక అందఱును అడిగిరి.

ఈ ఊరిలో దిక్కు చెప్పుట నిజముగా కష్టమే. తీరము ఈశాన్యమునుండి నైఋతికి ఏటవాలుగా సాగుటచేత, కడలికి ఎదురుగా నిలిచినవాడు తూర్పునకు మొగము పెట్టితిననుకొనుచు ఆగ్నేయమును చూచుచుండును. దక్షిణ నియోజకవర్గమనగా పాతపట్టణము, కోటవీధి, బురుజుపేట, చేపలరేవు. దానికావల గాజువాకయు ఉక్కునగరమును ఇంకను దక్షిణముగా మైళ్ల పర్యంతము వ్యాపించి యుండగా, ఆ పేరు మాత్రము పాతపట్టణమునకే దక్కినది. ఓడలు వచ్చు కాలువకు ఆవలి యొడ్డుననున్న మల్కాపురము పశ్చిమములో చేరినది. వాస్తు పట్టింపుగల మనవారు దక్షిణపు వాకిలి ఇల్లు కొనుటకు పదిమార్లు ఆలోచింతురు గాని, దక్షిణ నియోజకవర్గమున పోటీ చేయుటకు ఏ పార్టీవారును వెనుదీసిన జాడ కానరాదు.

తెలుగున దిక్కు అను మాటకు దిశ అనియు, ఆదుకొను ఆధారమనియు రెండర్థములు గలవు. నియోజకవర్గపు గీత నిజముగా నిర్ణయించునది ఈ రెండవ దానిని. కొళాయిలో నీరు రానినాడు, ముసలితల్లి పింఛను నిలిచిననాడు, భూమి పోయి నష్టపరిహారము రాని రైతు దరఖాస్తు వ్రాయించుకొన్ననాడు, ఎవరి గడప త్రొక్కవలెనో ఆ గీతయే చెప్పును. నేడు నియోజకవర్గముల పునర్విభజనను గూర్చి జరుగుచున్న చర్చ యంతయు “ఎన్ని” అను ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది: దక్షిణాది రాష్ట్రములకు ఎన్ని స్థానములు మిగులును, ఉత్తరాదికి ఎన్ని పెరుగును, జననములను అదుపు చేసికొన్న రాష్ట్రములు అందులకు శిక్ష ననుభవింపవలెనా? ఆ ఆందోళనము న్యాయమైనదే; దానిపై వ్రాయువారు చాలమంది యున్నారు. “ఎక్కడ” అని అడుగువారు మాత్రము అరుదు. గీత మన వీధికి ఏ ప్రక్కగా పోవును, మన ఊరిని ఎవరితో కలుపును, ఎవరినుండి విడదీయును అను ఆ చిన్న ప్రశ్నను నేను అడుగదలచితిని.

పల్లెలో పెరిగినవారికి గట్టు తగవు తెలియును. ఇరుగుపొరుగు రైతులలో ఒకడు ఏటేట దుక్కివేళ గట్టును జానెడు జానెడుగా జరుపుచుండును. పదేండ్లకు కరణము గొలుసు తెచ్చి కొలిచిననాడు గాని రెండవవానికి తన నేల ఎంత పోయినదో తెలియదు. నియోజకవర్గముల గట్టు అట్లు చాటుగా జరుగదు. చట్టముచేత, రాజపత్రముచేత, పట్టపగలు జరుగును. అయినను జనులకు తెలియుట మాత్రము గొలుసు వచ్చిన నాటివలెనే, అంతయు ముగిసిన పిమ్మటనే.

2002 నాటి పునర్విభజన చట్టము ననుసరించి, సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కుల్దీప్ సింగుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2001 జనాభా లెక్కలను ముందుంచుకొని పని చేసెను; దాని నిర్ణయములు 2008 ఫిబ్రవరి 19 నుండి అమలులోనికి వచ్చెను. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు గల 42 లోకసభ స్థానములలో గాని, 294 శాసనసభ స్థానములలో గాని ఒక్కటియు పెరుగలేదు, తరుగలేదు. ఏలయన 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణము ఆ సంఖ్యలను 1971 జనాభా లెక్కలకు కట్టివేయగా, 84వ సవరణము ఆ ముడిని 2026 తరువాత జరుగు మొదటి జనగణన వఱకు బిగించియుంచినది. మొత్తము మారలేదు, లోపలి పంపకము మాత్రము మారినది.

ఆ పంపకములో ఉత్తరాంధ్రకు జరిగినదానిని కొంచెము నిలిచి చూడవలెను. అంతకు మునుపు శ్రీకాకుళము జిల్లాకు 12, విజయనగరమునకు 12, విశాఖపట్నమునకు 13, వెరసి 37 శాసనసభ స్థానము లుండెను. పిమ్మట శ్రీకాకుళమునకు 10, విజయనగరమునకు 9, విశాఖపట్నమునకు 15, వెరసి 34 మిగిలినవి. సోంపేట, హరిశ్చంద్రపురము, కొత్తూరు, ఉణుకూరు, తెర్లాము, సతివాడ, ఉత్తరాపల్లి, నాగూరు, భోగాపురము, నాటి మన జిల్లాలోని పరవాడ, చింతపల్లి ఇవన్నియు ఒకనాడు శాసనసభ్యులను పంపిన పేర్లు. నేడు ఆ పట్టికలో లేవు. భోగాపురమనిన నేటి యువకులకు విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును గాని, ఆ పేరిట ఒక శాసనసభ స్థానముండెనని చెప్పినచో ఆశ్చర్యపడుదురు.

లెక్కలు చూచినచో ఈ మార్పు న్యాయమే. పల్లెలలో జనము పలచబడి పట్టణమున చిక్కబడినప్పుడు స్థానములును పట్టణమునకు నడచి రావలసినదే. అయితే ఆ జనమెవరు? పలాసనుండియు, పాలకొండనుండియు, చీపురుపల్లినుండియు బస్సెక్కి, నెత్తిన మూటతో ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, కంచరపాలెములోనో, మల్కాపురములోనో, గాజువాకలోనో నలుగురు కలిసి ఒక గదిలో తల దాచుకొన్న తాపీ పనివారు, రేవు కూలీలు, కాంట్రాక్టు కార్మికులు కారా? వలస ఒక్కటే కారణమని నేననను. కాని వలసను విడిచి ఈ అంకెలను చదువరాదు. స్థానముల పంపకమునకు ప్రాతిపదిక జనాభాయే గాని వోటర్ల జాబితా కాదు. విశాఖలో గదికి అద్దె కట్టుచున్నవాడు విశాఖలో లెక్కకు వచ్చెను. వోటు మాత్రము తండ్రి పేరున్న ఊరిలోనే యుంచుకొని, సంక్రాంతికి పోయినట్లే ఎన్నికలకును పోయి వేసి వచ్చుచుండెను. తల ఒకచోట లెక్కకు వచ్చినది, వేలిమీది సిరా మఱియొకచోట పడినది. అతడు విడిచి వచ్చిన ఊరు ఒక శాసనసభ్యుని కోల్పోయినది. అతడు వచ్చి చేరిన పేట ఒక శాసనసభ్యుని సంపాదించుకొన్నది. ఆ క్రొత్త శాసనసభ్యునకు ఇతడు వోటరు కాడు గనుక ఇతని బాధ పట్టదు. రెంటికి చెడిన రేవడి యను సామెత రేవూరి కూలీకి ఇంతగా అమరునని ఎవరనుకొందురు?

ఇక పెందుర్తి సంగతి. మా బావగారు ఉక్కు కర్మాగారములో ఉద్యోగము ముగించుకొని పెందుర్తిలో ఇల్లు కట్టుకొనిరి. ఒక ఆదివారము నేను పోయినప్పుడు, అరుగుమీద పడకకుర్చీలో కూర్చుండి ఆయన అన్నమాటలివి: “చూడవోయ్, మా కలెక్టరు విశాఖలో ఉంటాడు. ఇంటిపన్ను విశాఖ కార్పొరేషనుకే కడతాను. ఆసుపత్రికి పోవాలన్నా విశాఖే. ఎం.పి. దగ్గరికి వెళ్లాలంటే మాత్రం అనకాపల్లి వైపు తిరగాలి. ఆయన ఎదురుపడితే నేను గుర్తుపట్టను, నన్ను ఆయనా గుర్తుపట్టడు.” నేను నవ్వితిని గాని ఆయన నవ్వలేదు.

బావగారి మాటలో అతిశయోక్తి యేమియు లేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రములోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, లోకసభ నియోజకవర్గమునకొక జిల్లా యనునది ప్రాతిపదికగా ప్రకటింపబడినది. సూత్రము చక్కనిదే, ఒక్క గీతలోపల పార్లమెంటు సభ్యుడును, కలెక్టరును ఇమిడినచో సామాన్యునకు తిరుగుట తగ్గును. కాని సూత్రము నేలమీదికి దిగునప్పటికి ఏమైనది? పెందుర్తి శాసనసభ స్థానము అనకాపల్లి లోకసభ పరిధిలోనిది. అందులో పరవాడ, సబ్బవరము మండలములు అనకాపల్లి జిల్లాకు పోయినవి, పెందుర్తి మండలము విశాఖపట్నము జిల్లాలో నిలిచినది. శృంగవరపుకోట స్థితి దీనికి తలక్రిందులు: దాని పార్లమెంటు సభ్యుడు విశాఖపట్నమువాడు, కలెక్టరు విజయనగరమువాడు. అనకాపల్లి పట్టణము మాటకు వచ్చినచో, తన పేరిట ఏర్పడిన జిల్లాకు అది ముఖ్యపట్టణము, తన పేరిటనే యున్న లోకసభ స్థానమునకును ముఖ్యస్థానము. అయినను 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిన కారణమున దాని వీధిదీపము వెలుగవలెనన్న ఉత్తరువు విశాఖనుండి పోవలెను.

ఇందులో ఇంకొక చిక్కు దాగియున్నది. జిల్లాలను విభజించినవారు లోకసభ నియోజకవర్గములను అచ్చుగా పెట్టుకొనిరి. రేపు నియోజకవర్గములను విభజింపబోవువారు, చట్టము చెప్పిన ప్రకారము, పరిపాలనా విభాగముల సరిహద్దులను, అనగా జిల్లాలను, మండలములను అచ్చుగా పెట్టుకొందురు. 2001 నాటి తలకాయల లెక్కతో గీచిన గీత 2008లో నియోజకవర్గమై, 2022లో జిల్లాయై, రాబోవు కాలమున తిరిగి నియోజకవర్గమునకు ఆధారము కానున్నది. మొదట ఎవరో తొందరలో పాతిన రాయిని, పాతినవారినే సాక్షిగా పిలిచి, హద్దురాయి యని నిర్ధారించినట్లున్నది ఈ వ్యవహారము.

హద్దులు మారుట ఈ నేలకు క్రొత్త కాదు. చెన్నరాజధానిలోని విశాఖపట్నము జిల్లా ఒకనాడు జయపురము కొండల వఱకు వ్యాపించి యుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ భాగము పోయెను, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము వేఱయ్యెను, 1979 జూన్ 1న విజయనగరము వేఱయ్యెను. పోయిన ప్రతిసారియు కొందఱకు కచేరీ దగ్గఱయైనది, కొందఱకు బంధువుల ఊరు పరజిల్లా యైనది.

పార్లమెంటు స్థానమును గూర్చి చెప్పవలసినచో, 1952 నాటి తొలి ఎన్నికలలో విశాఖపట్నము ఇరువురు సభ్యుల నియోజకవర్గము. అర్థశాస్త్రవేత్తయైన లంకా సుందరముగారును, అల్లూరి సీతారామరాజు అనుచరుడై అండమాను జైలు ననుభవించిన గాం మల్లుదొరగారును, ఇరువురును స్వతంత్రులుగనే గెలిచి ఢిల్లీకి పోయిరి. పట్టణపు విద్యావంతుడొకడు, మన్యపు వీరుడొకడు ఒక్క నియోజకవర్గపు రెండు కన్నులవలె పార్లమెంటున కూర్చుండిన ఆ దృశ్యము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. కాని ఆ విధానమునకు దాని చిక్కులు దానికుండెను. అవి బయటపడినది మన ప్రాంతముననే. 1957లో పార్వతీపురము ఇరువురు సభ్యుల స్థానమునకు, అప్పటికే కేంద్రమున కార్మికమంత్రిగా పనిచేసి రాజీనామా యిచ్చిన వి. వి. గిరిగారు పోటీ చేసిరి. రెండు స్థానములలో ఒకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది. వోట్లు లెక్కించి చూడగా గిరిజన అభ్యర్థులిరువురు ముందు నిలిచిరి; ప్రత్యేక స్థానము ఒకరికిని, సాధారణ స్థానము రెండవవారైన డిప్పల సూరిదొరగారికిని దక్కినవి. సాధారణ స్థానము గిరిజనేతరులకే చెందవలెనని గిరిగారు సుప్రీముకోర్టు వఱకు పోయి 1959లో ఓడిపోయిరి. ఎక్కువ వోట్లు వచ్చినవాడు గిరిజనుడైనంత మాత్రమున సాధారణ స్థానమునకు అనర్హుడు కాడని కోర్టు తేల్చినది. తీర్పు ధర్మమైనది. 1961లో పార్లమెంటు ఇరువురు సభ్యుల నియోజకవర్గములనే రద్దు చేసినది. ఓడిన గిరిగారు 1969లో రాష్ట్రపతి యైరి; గిరిజన అభ్యర్థుల ముందర ఒక భావి రాష్ట్రపతి తలవంచిన ఆ కథను మన పాఠ్యపుస్తకములలో చేర్చవలెనని ఎవరికిని తోచలేదు.

గాజువాక కథ వేఱు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతయు ఊగిపోయి, 32 మంది ప్రాణములర్పించిరి. ఆ ఉద్యమమున ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథముగారిని మరుసటి యేడు విశాఖ లోకసభకు పంపినది. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. భూములిచ్చిన ఊళ్లు లేచిపోయినవి, నిర్వాసితుల కాలనీలు వెలసినవి, కొలుములు మండినవి, 1992లో ప్రధాని పి. వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికంకితము చేసిరి. ఇంత జరిగిన పిమ్మటను గాజువాక తన పేరిట ఒక శాసనసభ్యుని చూచినది 2009లో మాత్రమే. అందాక అది పెందుర్తి స్థానములో ఒదిగియుండెను. శంకుస్థాపనమునకును శాసనసభ్యునకును నడుమ 38 ఏండ్లు. ఇల్లు వాకిలి ఇచ్చి వీధిన పడిన నిర్వాసితుడు ఆ కాలమంతయు తన గోడును వినిపించుటకు, వరిపొలముల సమస్యలను కొలుముల సమస్యలను ఒక్క సంచిలో మోయవలసిన ప్రతినిధియొద్దకు పోవుచుండెను.

ఇట్టి విచిత్రము మనకే ప్రత్యేకము కాదు. ఏ పార్లమెంటును చూచి మనము మన పార్లమెంటును కట్టుకొంటిమో, ఆ ఇంగ్లండులో 1832 వఱకు ఓల్డ్ సారమ్ అను జనము లేని మట్టిదిబ్బ ఇరువురు సభ్యులను పంపుచుండగా, నూలు మిల్లుల పొగలో మునిగిన మాంచెస్టరు పట్టణమునకు ఒక్క సభ్యుడును లేడు. మిల్లు ముందు, మనిషి తరువాత అను న్యాయము అచ్చటనే పుట్టినది కాబోలు. నేడు అక్కడివారు ఆ తప్పును దిద్దుకొని రెండవ కొసకు పోయినారు: 2023లో ముగిసిన విభజనలో ఒక్కొక్క స్థానమునకు 73,393 మంది వోటర్లు ప్రమాణము, దానికి నూటికి అయిదు మాత్రమే హెచ్చుతగ్గు ఉండవచ్చును. ఆ కత్తెరకు కౌంటీల పురాతనపు హద్దులు తెగును. కార్న్‌వాల్ కౌంటీకి తేమార్ నది తరతరముల పొలిమేర. ఆ నదిని దాటి డెవన్ కౌంటీతో కలిపి ఒక నియోజకవర్గము చేయవలెనని ఒకప్పుడు ప్రతిపాదన రాగా, కార్నిష్ జనులు నది యొడ్డున గుమికూడి, తమ కౌంటీ హద్దును మీ కాగితముమీది అంకె కొఱకు దాటింపవలదని నినదించిరి. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. 2024 ఎన్నికలలో కార్న్‌వాల్ ఆరు స్థానములును కౌంటీ హద్దులోపలనే యున్నవి. ఐల్ ఆఫ్ వైట్ అను ద్వీపమునకు లెక్క ఎట్లున్నను రెండు స్థానములు విడిగా ఉండవలెనని చట్టమే చెప్పినది. నేను ఇంగ్లండును పొగడుటకు ఈ మాటలు వ్రాయలేదు. అచ్చట ముసాయిదా వెలువడిన పిమ్మట సామాన్యుడు అభ్యంతరము చెప్పుటకు మూడు విడతల అవకాశమున్నది. సభలలో ఏ గృహిణియో, ఏ ఉపాధ్యాయుడో లేచి, ఈ వంతెనకు ఆవలివారితో మాకు సంబంధము లేదని చెప్పినచో దానిని వ్రాసికొందురు. మన శృంగవరపుకోటవారు చెప్పదగినదియు ఆ మాటయే. తేమార్ ఒడ్డువారికిని గోస్తని ఒడ్డువారికిని భాష వేఱు గాని బాధ వేఱు కాదు.

మన చట్టమునందును జనుల మాట వినుట యున్నది. ముసాయిదాను ప్రకటింపవలెను, అభ్యంతరములు స్వీకరింపవలెను, బహిరంగ సభలు జరుపవలెను. ప్రతి రాష్ట్రమునుండి అయిదుగురు లోకసభ సభ్యులును అయిదుగురు శాసనసభ్యులును సహసభ్యులుగా కూర్చుందురు. వారికి వోటు లేదు, మాట మాత్రమున్నది. ఆ మాటను వారు ఎవరికొఱకు వాడుదురో చెప్పుటకు జ్యోతిషము అక్కఱలేదు. తన గెలుపునకు అనుకూలమైన పేట తన గీతలో ఉండవలెనని కోరని నాయకుడు ఏ పార్టీలోనైన కలడా? తుది ఉత్తరువు రాజపత్రమున ప్రకటితమైన తరువాత దానిని ఏ న్యాయస్థానమునందును ప్రశ్నింపరాదు. సంతానము కలిగిన పిమ్మట లగ్నమును గూర్చి తర్కించుట ఎట్టిదో, ఉత్తరువు వెలువడిన పిమ్మట ధర్నా చేయుట అట్టిది.

ఇప్పుడు కాలము దగ్గఱపడినది. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా గొని జనగణన జరుపుదుమని కేంద్ర ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. చట్టసభలలో స్త్రీలకు మూడవ వంతు స్థానము లియ్యవలెనన్న 106వ రాజ్యాంగ సవరణము సైతము పునర్విభజనకే ముడిపడియున్నది. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము ఆంధ్రప్రదేశపు శాసనసభ స్థానములను 175 నుండి 225 చేయవచ్చునని వ్రాసియుంచగా, దానిని వెంటనే అమలు చేయుడని కోరిన వ్యాజ్యమును 2025 జూలైలో సుప్రీముకోర్టు త్రోసిపుచ్చినది. జనగణన వచ్చుదాక ఆగవలసినదే. ఆ ఏబది స్థానములు నిజముగా వచ్చినచో, విశాఖకు కొన్ని క్రొత్త గీతలు తప్పవు. భీమిలి, గాజువాక స్థానములలో ఒక్కొక్కదాన వోటర్ల సంఖ్య మూడు లక్షలు దాటినది. పాతపట్టణపు దక్షిణ స్థానమున రెండు లక్షలకు కొంచెము పైన. ఇరువురు శాసనసభ్యులకును జీతము సమానమే, శాసనసభలో వోటు సమానమే. ఒకనికి మోయవలసిన బరువు మాత్రము మూడు బస్తాలు, మఱియొకనికి రెండు.

కావున అంకెలు సరిచేయవలసినదే. దానిని నేను కాదనను. అంకె సరియైన పిమ్మట మిగిలిన స్వేచ్ఛను ఎట్లు వాడుదురన్నదే నా చింత. గీత గీయువారు ఏటి కాలువను, కొండను, రైలుకట్టను చూచునట్లే, మనిషి నిత్యము నడుచు దారిని కూడ చూడవలెను. ఆషాఢ పౌర్ణమికి ముందునాడు సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణమునకు బయలుదేరినవారు తొలిపావంచానుండి అడవివరము, ఆరిలోవ, హనుమంతవాక మీదుగా, సీతమ్మధారను, మాధవధారను చుట్టి, 32 కిలోమీటర్లు నడచి తిరిగి కొండ చేరుదురు. ఆ రాత్రి వారు ఎన్ని నియోజకవర్గములను దాటుదురో వారికి తెలియదు, తెలిసికొనవలసిన పనియు లేదు. కాని తెల్లవారి రేషను బియ్యమునకో, ఇంటి పట్టాకో పోవలసి వచ్చినప్పుడు ఆ గీత వారి కాళ్లకు అడ్డము పడరాదు. పెందుర్తి కార్పొరేషనులో ఉన్నచో పార్లమెంటు స్థానములోను విశాఖతోనే ఉండవలెను. లేదా అనకాపల్లితోనే ఉండవలెనని అక్కడివారు నిశ్చయించుకొన్నచో జిల్లాను మార్చవలెను. సగము అటు, సగము ఇటు అన్న నేటి స్థితి ఇంకొక ఇరువది యేండ్లు సాగరాదు. ఉక్కు నిర్వాసితుల కాలనీలు రెండు మూడు స్థానముల నడుమ చెదరిపోరాదు. చెదరినచో వారి గొంతు ఏ స్థానములోను గెలుపోటములను తేల్చునంత బరువు తూగదు. గీతకు పేరు పెట్టునప్పుడు దిక్కుల పేర్లకు బదులు ఊళ్ల పేర్లు పెట్టవలెను. కంచరపాలెము, మల్కాపురము, వాల్తేరు అను పేర్లు వినగానే తెలియును. పశ్చిమమనిన సూర్యుడు ఎటు క్రుంకునో చూచుకొనవలెను.

అన్నిటికంటె ముందు, ముసాయిదా తెలుగులో రావలెను, వార్డు వారీగా, గ్రామము వారీగా రావలెను; సభ ఒకటి విశాఖలోను, ఒకటి అనకాపల్లిలోను, ఒకటి పాడేరులోను జరుగవలెను. ఒక్క అరకు లోకసభ స్థానమే 2008లో పాలకొండనుండి రంపచోడవరము వఱకు నాటి నాలుగు జిల్లాలలో పరచుకొన్నది. అక్కడి గిరిజనుడు తన మాట చెప్పుటకు సముద్రతీరమునకు దిగి రావలెనని కోరుట అన్యాయము.

పాఠకులకు నా విన్నపము ఇంతే. ముసాయిదా వెలువడిననాడు పత్రికలలో ఢిల్లీ వార్తలు, పార్టీల వాదములు నిండియుండును; వాటిని తరువాత చదువవచ్చును. ముందు మీ వార్డు, మీ ఊరు ఏ పట్టికలో, ఏ పేరు క్రింద పడినదో వెదకి చూచుకొనుడు. తప్పనిపించినచో పోస్టుకార్డంత కాగితముమీద, తెలుగులోనే, మీ ఊరివారు సంతకు, ఆసుపత్రికి, కచేరీకి ఎటు పోవుదురో నాలుగు వాక్యములు వ్రాసి, సంతకములు చేయించి, గడువులోపల పంపుడు.